కుడివైపు కింది మూల

ఆ మంగళవారం గెర్లిండ రోమింగర్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడింటికి జడరొట్టె ఓవెన్‌లో పెట్టాలి. తొమ్మిదింటికి తల దువ్వుకుని నీలం గౌను వేసుకోవాలి. పదకొండింటికి స్టుట్‌గార్ట్‌లోని ఒక మ్యూజియం నుంచి డాక్టర్ ఫెట్సర్ వస్తాడు. మెట్ల మలుపులో వేలాడుతున్న కొండ పటం చూస్తాడు. దాని కుడివైపు కింది మూలలో ఉన్న పేరు చదివి కాగితం మీద రాసుకుంటాడు. ఆ తర్వాత కాఫీ. అరవై తొమ్మిదేళ్ళ మనిషి ఇంతకంటే తక్కువ కోరుకోవడం కష్టం.

ఆ పటం గీసింది ఆమె ముత్తవ్వ కరోలీన. అని గెర్లిండ అంటుంది. లోకం మాత్రం కరోలీన అన్న థియోడోర్ వాల్ట్స్ గీశాడంటుంది, ఎందుకంటే లోకం విన్న పేరు అతనిదే. 1846 వేసవిలో అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆల్గాయ్ కొండల్లోకి వెళ్ళారు. చెల్లెల్ని తీసుకెళ్ళింది రంగులపెట్టె మోయడానికి. అక్కడి సారా అన్నగారికి బాగా నచ్చింది. అతను పడుకున్నన్ని రోజులూ చెల్లెలు కూర్చుని బొమ్మలు గీసింది. ఇంటికొచ్చాక వాటన్నిటి మీదా అన్న తన సంతకం పెట్టుకున్నాడు. ఈ ఒక్కదాని మీద మాత్రం అతను నిద్ర లేచేలోపే ఆమె తన పేరు రాసేసింది. ఆడమనిషి పేరున్న కొండను కొనేవాడు దొరకలేదు కాబట్టి అది ఇంట్లోనే మిగిలింది.

మంచులో మునిగిన శిఖరం, దాని కింద దేవదారు చెట్లు, విరిగిన కర్రవంతెన. ఒక చెట్టు మొదట్లో, రంగులపెట్టె పక్కన, నోరు తెరుచుకుని నిద్రపోతున్న మగవాడు. మూలన పేరు. ఐదేళ్ళప్పుడు తల్లి ఎత్తుకుని చూపిస్తే గెర్లిండ ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివింది. పుట్టాక ఆమె చదివిన మొదటి మాట అదే.

పెళ్ళయ్యాక పటం ఆమెతో వచ్చింది. మొగుడు ఓట్టో యుద్ధంలో రెండు చలికాలాలు కొండల మీద గడిపినవాడు. హాల్లో కొండ ఉంటే తాను ఉండనన్నాడు. దాంతో 1955లో పటం మెట్ల మలుపులోకి వెళ్ళింది. ఓట్టో పోయి తొమ్మిదేళ్ళయినా అక్కడే ఉంది, ఎందుకంటే ఒకచోట పెట్టిన వస్తువు అక్కడే ఉండాలన్నది గెర్లిండ పద్ధతి. బళ్ళో ఆడపిల్లలకు ముప్పయ్యారేళ్ళు కుట్లు నేర్పిన టీచరమ్మ ఆమె. వంకర కుట్టు కనిపిస్తే పెళ్ళికూతురి గౌనైనా విప్పించేది.

మొన్న చలికాలంలో మ్యూజియం నుంచి ఉత్తరం వచ్చింది. శరదృతువులో థియోడోర్ వాల్ట్స్ బొమ్మల ప్రదర్శన పెడుతున్నామనీ, మీ దగ్గరున్నది కూడా ఆయనదేనేమో చూడాలనీ రాశారు. రండి, పేరు మీరే చదువుకోండి అని ఆమె జవాబిచ్చింది. ఆమెకు కావలసింది ఒకటే. మ్యూజియం గోడమీద, ఆ పటం పక్కన, కరోలీన వాల్ట్స్ అని అచ్చేసిన చిన్న కార్డు ఉండాలి. పిల్లలు లేని మనిషి. ఆమె కళ్ళు మూసిన రోజున ఆ పేరు తెలిసినవాళ్ళు భూమ్మీద ఒక్కరూ మిగలరు.

ఏడుంపావుకు తలుపు తీసి చూస్తే మెట్ల మీద దుమ్ము.

మా ఎస్లింగెన్ ఊళ్ళో దేవుడి తర్వాత ఊడ్పు వారమే. వంతు వచ్చిన వాటా తలుపుకు చెక్కపలక తగిలిస్తారు. ఆ వారమంతా మెట్లు, కమ్మీలు, కిటికీలు, గుమ్మం ముందు వీధి ఆ ఇంటివాళ్ళవే. మనిషి తాగినా, అప్పుచేసినా సర్దుకుపోతాం గానీ, ఊడ్పు వారం ఎగ్గొట్టినవాణ్ణి శవపేటికలో చూసినా క్షమించం. ఆ వారం పలక పై అంతస్తు పేటర్సన్ తలుపుకు ఉంది. అతను లెక్కల మాస్టారు, హాంబుర్గ్ నుంచి వచ్చి మూడేళ్ళయింది. ఉత్తరాది మనిషి కాబట్టి అతని మీద ఎవరికీ పెద్ద ఆశలు లేవు.

గెర్లిండ పైకెక్కి తలుపు తట్టింది.

"పేటర్సన్ గారూ, మెట్లు చూశారా?"

"చూశానండి."

"చూసి?"

"ఎక్కానండి."

"ఇవాళ పదకొండింటికి స్టుట్‌గార్ట్ నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నాడు. ప్రతీదీ భూతద్దం పెట్టి చూసే మనిషి. తర్వాత నన్నేం అనకండి."

అంతకుమించి చెప్పలేదు. పని కాకముందే చాటుకోవడం ఆమెకు గిట్టదు. పైగా ఓవెన్‌లో రొట్టె ఉంది. అక్కడే నిలబడి ‘పటం చూడటానికి’ అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. మా వైపు మనుషులకు మాటలంటే పొదుపు, తర్వాత ఏడవడానికి మాత్రం తీరిక దొరుకుతుంది.

పేటర్సన్ కిందికి పరిగెత్తి మొదటి అంతస్తులో ఐసెలె తలుపు కొట్టాడు. ఆవిడ వీధి చివర జుట్టు కత్తిరించే దుకాణం నడుపుతుంది. ఊళ్ళో వార్తలన్నీ ఆ దుకాణంలో తల తడుపుకునే బయటికొస్తాయి.

"ఐసెలె గారూ, ఒక బకెట్టు ఇస్తారా?"

"బకెట్టా? మీరొచ్చి మూడేళ్ళు కావట్లా? ఇన్నాళ్ళూ మెట్లు దేంతో కడిగారు మాస్టారూ?"

"అది తర్వాత మాట్లాడుకుందామండి. ఊడ్పు వారం తనిఖీకి స్టుట్‌గార్ట్ నుంచి ఆఫీసరొస్తున్నాడు. భూతద్దంతో."

"ఎవరన్నారు?"

"రోమింగర్ టీచరుగారు."

"ఆవిడ అన్నదా, ఆవిడే పిలిపించిందా?"

పేటర్సన్‌కు అది తెలియదు. లెక్కల మాస్టారు కనుక అడిగిన ప్రశ్నకు జవాబివ్వకుండా ఉండలేడు. "పిలిపించినట్టే ఉందండి," అన్నాడు.

ఐసెలె కింది వాటాకు దిగేసరికి వార్తకు కాళ్ళూ చేతులూ వచ్చేశాయి. అక్కడ ఉండేది ష్వెంక్, రిటైరైన పోస్ట్‌మాన్, ఆరడుగుల మనిషి.

"పెద్దాయనా, టీచరమ్మ మన మీద అర్జీ పెట్టింది. స్టుట్‌గార్ట్ నుంచి మనిషి వస్తున్నాడు. పాత వంతులన్నీ తిరగదోడతారట."

"పాతవంటే ఎప్పటివి?"

"మొదట్నుంచీనట. బాగా లేనోళ్ళని ఖాళీ చేయిస్తారట."

ష్వెంక్ నోట్లోని చుట్ట తీసి పక్కన పెట్టాడు. "ఇరవై రెండేళ్ళుగా ఆవిడకి పొద్దున్నే దండం పెడుతున్నా. ఇందుకా?" అని లోపలికెళ్ళి నేలకు పూసే మైనం డబ్బా పట్టుకొచ్చాడు.

చిలికి చిలికి గాలివాన అయింది. ఎనిమిదిన్నరకల్లా ముగ్గురూ మెట్ల మీదే ఉన్నారు. పేటర్సన్ అరువు బకెట్టుతో పైనుంచి నీళ్ళు వదులుతున్నాడు. ఆ నీళ్ళ మీద ఐసెలె నిమ్మవాసన మందు పోస్తోంది. అది ఆరకముందే ష్వెంక్ మైనం రుద్దుతున్నాడు. ఏ మెట్టు ఎవరిదో తెలియక ఒకరు తుడిచింది ఇంకొకరు తుడిచారు. తలుపు వెనకాల బకెట్ల చప్పుడు వింటూ గెర్లిండ రొట్టె కోస్తోంది. ముప్పయ్యొక్క ఏళ్ళలో మొదటిసారి ఆమెకు ఇరుగుపొరుగు మీద ప్రేమ పొంగింది.

సరిగ్గా పదకొండింటికి డాక్టర్ ఫెట్సర్ వచ్చాడు. సన్నని మనిషి, మెడలో తాడుకు భూతద్దం వేలాడుతోంది. దాన్ని చూడగానే ముగ్గురికీ మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది. ఆయన లోపల రెండో అడుగు వేశాడో లేదో, మైనం మీద కాలు జారి, సంచీతో సహా గుమ్మం నుంచి మొదటి మెట్టు దాకా కూర్చునే ప్రయాణం చేశాడు.

"చూశారా," అన్నాడు ష్వెంక్, ఆయన్ని లేవదీస్తూ. "అద్దం. మా ఇంట్లో ఎప్పుడూ ఇంతే."

"ఎప్పుడూనా?" అన్నాడు ఫెట్సర్ నడుము పట్టుకుని.

"ఎప్పుడూనండి. వంతు తప్పితే మాకు నిద్ర పట్టదు," అంది ఐసెలె.

ముగ్గురూ ఆయన్ని తలో వైపూ పట్టుకుని మలుపు దాకా ఎక్కించారు. ఫెట్సర్ పటం ముందు ఆగాడు. శిఖరం చూశాడు, మంచు చూశాడు. మొహం వెలిగింది. మలుపులో చీకటిగా ఉంటుంది, మీట నొక్కితే వెలిగే దీపం నిమిషంలో దానంతటదే ఆరిపోతుంది. అందుకని సంచీలోంచి టార్చి తీశాడు. ఆఫీసరు దుమ్ము వెతుకుతున్నాడనుకున్నారు వీళ్ళు.

"దీన్ని కూడా తుడుస్తామండి," అన్నాడు ష్వెంక్. "దేన్నీ వదలం."

ఫెట్సర్ చేతిలో టార్చి ఆగిపోయింది. "దేన్ని? పటాన్నా?"

"ప్రతి వంతుకీ. సోడా నీళ్ళతో."

"నేను సబ్బు కూడా వేస్తానండి," అంది ఐసెలె, వెనకబడటం ఇష్టం లేక.

"నేనైతే రోజు విడిచి రోజు," అన్నాడు పేటర్సన్. అంత పెద్ద అబద్ధం అతను లెక్కల్లో కూడా ఎప్పుడూ ఆడలేదు.

అదే సమయానికి గెర్లిండ నీలం గౌనులో పై మెట్లు దిగి వచ్చింది. ఈ మాటలన్నీ ఆమెకు వినబడ్డాయి గానీ అర్థం ఇంకా అందలేదు.

"డాక్టరుగారూ, దయచేయండి. పైపైన చూడకండి. కుడివైపు కింది మూల. అక్కడుంది పేరు."

ఫెట్సర్ వంగి టార్చి వేసి, భూతద్దం పెట్టి చూశాడు. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. లేచినప్పుడు ఆయన గొంతు ఆసుపత్రి గొంతులా మారింది.

"అమ్మా, ఇక్కడ పేరు లేదు."

"ఉంది. మసి పట్టింది అంతే. నాకూ ఈ మధ్య ఆనడం లేదు."

"మసి కాదమ్మా. అక్కడ రంగే లేదు. కింద గుడ్డ నేత కనిపిస్తోంది. ఎవరో రుద్దేశారు."

భూతద్దం ఆమె చేతికిచ్చాడు. ఆమె దానితో చూసింది. దాన్ని పక్కన పెట్టి కళ్ళద్దాలతో చూసింది. కళ్ళద్దాలు తీసి వట్టి కళ్ళతో చూసింది. మూడుసార్లూ అక్కడ ఉన్నది నారగుడ్డ పోగులే. కరోలీన నూట నలభై ఏళ్ళు నిలబడిన చోట ఇప్పుడు ఏమీ లేదు. గెర్లిండ కమ్మీ పట్టుకుంది, అది కూడా మైనంతో జారింది.

ఆమె ముగ్గురివైపూ తిరిగింది. బళ్ళో వంకర కుట్టు పట్టుకున్నప్పటి చూపు అది.

"ఇందాక అన్నారే. సోడా నీళ్ళని, సబ్బని. మా ముత్తవ్వ పేరది. ఈయన తనిఖీకొచ్చిన మనిషి కాదు, మ్యూజియం మనిషి. పేరు ఉందని రుజువైతే పటం ఆవిడ పేరుతో గోడకెక్కేది. ఎవరు తుడిచారు?"

ముగ్గురికీ విషయం ఒక్కసారే తలకెక్కింది. తుడిచామంటే మ్యూజియం వస్తువు పాడుచేసినవాళ్ళు. తుడవలేదంటే ఊడ్పు వారం ఎగ్గొట్టినవాళ్ళు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎస్లింగెన్ మనుషులు గోతిని ఎంచుకున్నారు, కాకపోతే ఒక్కొక్కరుగా, బాధపడుతూ.

"నేను అసలు తుడవనండి," అన్నాడు పేటర్సన్. "బకెట్టు ఇవాళే చూశాను. పలక తలుపుకి తగిలిస్తాను, మళ్ళీ ఆదివారం తీసి మీకిస్తాను. అంతే."

ష్వెంక్ టోపీ తీశాడు. "నేను మెట్టు మధ్యలో ఊడుస్తా టీచరమ్మా. అంచులు వదిలేస్తా. నడుము వంగదు. పటం జోలికి ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ పోలేదు. ఒట్టు."

అందరూ ఐసెలె వంక చూశారు. ఆవిడ ఇల్లు ఎప్పుడూ నిమ్మకాయ వాసనే.

"ఒక గిన్నెలో వేన్నీళ్ళు పోసి, రెండు చుక్కల మందు వేసి మెట్ల మీద పెడతా," అంది ఐసెలె, నేల చూస్తూ. "వాసన పైదాకా వెళ్తుంది. పావుగంటాగి గిన్నె లోపలికి తెచ్చుకుంటా."

"ఎన్నాళ్ళుగా?"

"వచ్చిందగ్గర్నుంచీ."

నా జన్మలో మా ఊళ్ళో ఇలాంటి తప్పు బహిరంగంగా ఎవరైనా ఒప్పుకోగా వినలేదు. వ్యభిచారం ఒప్పుకున్నవాళ్ళున్నారు.

ఫెట్సర్ దగ్గాడు. కళాచరిత్ర చదువుకున్న మనిషికి ఎదుటివాళ్ళ మొహాలు చదవడం రాదు. "ఇది ఇవాళో నిన్నో జరిగింది కాదండి," అన్నాడు, పాఠం చెబుతున్నట్టు. "తడి గుడ్డతో, వారం వారం, ఏళ్ళ తరబడి. ఒకే చెయ్యి. పైన చూడండి, శిఖరం మీద నూరేళ్ళ మసి అలాగే ఉంది. చెయ్యి అందలేదు. కాబట్టి పొట్టి మనిషి. ఆ మూలనైతే మరీ మరీ రుద్దారు."

గెర్లిండ అయిదడుగులకు ఒక అంగుళం తక్కువ.

ఐసెలె అంది, మెల్లగా, పుండు మీద కారం చల్లాలని కాదు, నిజంగానే మెల్లగా: "ఎవరి వంతైనా శనివారం శనివారం మా వెనకాలే మీరు మళ్ళీ తుడుస్తారు కదా టీచరమ్మా. మేం చేసింది మీకెప్పుడూ నచ్చలా. అందుకేగా మేం మానేసింది."

గెర్లిండ మెట్టు మీద కూర్చుంది. నీలం గౌనుకు మైనం అంటుకుంది. ఆమె పట్టించుకోలేదు.

"పేరు బాగా కనపడాలని," అంది. "మసకబారుతుంటే ఆ మూల ఇంకో రెండుసార్లు తుడిచేదాన్ని."

ప్రేమతో చేసిన పాడు పనికి శిక్ష వేసే కోర్టు ఎక్కడా లేదు. అందుకే మనిషి దాన్ని తనే వేసుకుంటాడు, అదీ యావజ్జీవం. ఆమె తలెత్తింది. ఇంకా ఒక దారి మిగిలి ఉంది.

"డాక్టరుగారూ, పేరు పోయినా చూసినవాళ్ళు సాక్ష్యం చెబితే?"

"రాతపూర్వకంగా ముగ్గురు చెబితే ఆలోచించొచ్చు," అన్నాడు ఫెట్సర్. మంచివాడే పాపం.

ముగ్గురు ఉన్నారు. అందరూ ఆ పటం పక్కనుంచే రోజూ ఎక్కి దిగేవాళ్ళు. ఆమె ముందు ష్వెంక్ వైపు చూసింది.

"పెద్దాయనా, మొదట్లో పేరు బాగానే కనపడేది. మీరు చూసే ఉంటారు."

ష్వెంక్ కళ్ళు తిప్పుకున్నాడు. "ముప్పయ్యేళ్ళు పేర్లు చదివి ఉత్తరాలు పంచినోణ్ణి టీచరమ్మా. ఇంటికొచ్చాక ఇంకేం చదవబుద్ధి కాలా. కొండ ఉందని మాత్రం తెలుసు."

"నేను క్యాలెండరనుకున్నా," అంది ఐసెలె.

పేటర్సన్ అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాడు. ఇందాకే ఒకటి చెప్పి ఉన్నాడు కనుక ఇంకొకటి చెప్పగలడు. గెర్లిండ చెయ్యెత్తి ఆపింది. దొంగ సాక్ష్యంతో ముత్తవ్వను గోడకెక్కించడం ఆమె వల్ల కాదు. ఆ ఒక్క విషయంలో ఆమె పద్ధతి మార్చుకుని ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

"పోనీ ఇది చూడండి," అంది ఆమె, పటంలో చెట్టు కింద నిద్రపోతున్న మనిషిని చూపించి. "ఇతనే థియోడోర్. రంగులపెట్టె పక్కనే ఉంది. తాగి పడుకున్నవాడు తన బొమ్మ తనెలా గీసుకుంటాడు?"

ఫెట్సర్ వంగి చూశాడు. ఈసారి ఆయన మొహం మళ్ళీ వెలిగింది.

"అవునమ్మా, థియోడోరే. ముక్కు అదే. ఎంత మంచి మాట చెప్పారు. ఇది ఆయన స్వీయచిత్రం. ప్రకృతి ఒడిలో ఆదమరిచిన కళాకారుడు."

"నిద్రలో గీశాడా?"

"ఊహలో. ఆ కాలం వాళ్ళకు ఊహే ప్రాణం కదమ్మా."

జడరొట్టె దాదాపు అంతా బల్ల మీదే ఉండిపోయింది. ఆయన రెండు ముక్కలు తిని, చాలా బాగుందని చెప్పి, కమ్మీని రెండు చేతులా పట్టుకుని దిగి వెళ్ళాడు.

పటాన్ని ప్రదర్శనకు ఇవ్వనని ఆమె మొదట రాసింది. తర్వాత ఒక వారం నిద్ర లేకుండా ఆలోచించి ఇస్తానంది. మలుపు చీకట్లో తనొక్కతే తుడుచుకునేకంటే నలుగురి కంటా పడనీ అనుకుంది. కరోలీన సంగతంతా నాలుగు పేజీలు, గుండ్రని అక్షరాలతో, కొట్టివేతలు లేకుండా రాసి జత చేసింది. మీ కుటుంబ జ్ఞాపకాలు మాకెంతో విలువైనవి, కార్డు రాసేటప్పుడు తప్పక దృష్టిలో ఉంచుకుంటాం అని మ్యూజియం వాళ్ళు మర్యాదగా జవాబిచ్చారు. ఆ ఉత్తరాన్ని ఆమె చేతిసంచీలో పెట్టుకుని తిరిగింది.

అక్టోబరులో ఆమె రైలెక్కి స్టుట్‌గార్ట్ వెళ్ళింది. ష్వెంక్, ఐసెలె, పేటర్సన్ కూడా, ఎవరూ పిలవకుండానే, వెంట వెళ్ళారు. మూడో గదిలో, మంచి వెలుతురులో, కొండ వేలాడుతోంది. మసి తీసేశారు. శిఖరం అంత తెల్లగా ఉంటుందని గెర్లిండకు కూడా తెలియదు. దాని ముందు జనం గుమిగూడి, నిద్రపోతున్న మనిషిని చూసి ఎంత గొప్పగా గీసుకున్నాడో అంటున్నారు. ఆమె వాళ్ళందరినీ మోచేత్తో తప్పించుకుని పక్కనున్న కార్డు దగ్గరికి వెళ్ళి, కళ్ళద్దాలు సర్దుకుని, ఐదేళ్ళ పిల్లలా కూడబలుక్కుని చదివింది.

థియోడోర్ వాల్ట్స్, అని ఉంది. పక్కన బ్రాకెట్లలో ఒక ప్రశ్నార్థకం.

కరోలీన వాటాకు వచ్చింది అదే.